చరణదాసు ఒప్పుకోలు

రాయపూరున 1923లో జన్మించిన హబీబ్ తన్వీర్ నాటకములలో 'చరణ్‌దాస్ చోర్' మిక్కిలి ప్రసిద్ధమైనది. 1975లో ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులతో ప్రదర్శితమై, 1982లో ఎడింబరో ఉత్సవమున ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారము నందినది. హైదరాబాదు వాడైన శ్యామ్ బెనెగల్ దానిని చలనచిత్రముగా తీసెను. మూలము విజయ్‌దాన్ దేథా వ్రాసిన రాజస్థానీ కథ. ఒక దొంగ గురువునెదుట అసత్యమాడనని ప్రతిన పూనును. బంగారు పళ్లెరమున తినను, ఏనుగుపై ఊరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యమేలను అని మరి నాలుగు ప్రతినలును కలవు. ఇట్టివి దొంగకు తటస్థించునా యను ధీమాతో వేళాకోళముగా చేసినవవి. పిదప అన్నియు తటస్థించును.

ఈ నాటకమును సామాన్యముగా వ్యంగ్యముగనే చదువుదురు: దొంగ సత్యవంతుడు, పెద్దమనుషులు దొంగలు. ఆ మాట నిజమే. కాని అంతటితో నిలిచినచో నాటకమున మిక్కిలి సూక్ష్మమైన ఘట్టము చేజారును. అది ఖజానా ఘట్టము. చరణదాసు ఖజానా నుండి ఐదు మొహరులు మాత్రమే తీసికొనును. ఆ సందు చూచి అచ్చటి గుమాస్తా తానును ఐదు కాజేసి, పది పోయినవని లెక్క చెప్పును. దొంగ రాణియెదుట నిలిచి, తీసిన మాట నిజమే యనును. ఎన్ని? ఐదు.

సభ ఒప్పుకోలుతోనే తృప్తిపడి యున్నచో వ్యవహారము అచ్చటనే ముగిసెడిది. దొంగ దొరకినాడు, తన నోటనే చెప్పినాడు. పది మొహరులును అతని పద్దున పడును, గుమాస్తా సుఖముగా ఇల్లు చేరును. అట్లు జరుగలేదు. ఒప్పుకొన్న సంఖ్యకును పోయిన సంఖ్యకును పొత్తు కుదరలేదు గనుక, మాటను పెట్టెతో పోల్చవలసి వచ్చినది. చరణదాసు గుమాస్తాను వ్రేలెత్తి చూపలేదు. అతనికి ఆ సంగతియే తెలియదు. లెక్కయే పట్టి యిచ్చినది. నేరాంగీకారము విచారణకు ముగింపు కాక ఆరంభమగుట యిందలి విశేషము.

ఈ వివేకము న్యాయశాస్త్రమునకు చిరపరిచితము. నాటకకర్త పుట్టిన నగరము చెంతనే, నయా రాయపూరున, హిదాయతుల్లా పేరిట జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము కలదు. ఆయన రాయపూరు బడిలో చదివి, 1968లో భారత ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. అచ్చటనే కాదు, నేరాంగీకార ప్రకరణమునకు వచ్చిన ఏ న్యాయ విద్యార్థికైనను రెండు తెలుగు పేర్లు ఎదురగును: పాకాల నారాయణస్వామి, పులుకూరి కోటయ్య. తెలుగు రచయితలు ఈ రెండు తీర్పులను తప్పక చదువదగును. వానిలో చట్టముకన్న భాషావిమర్శ ఎక్కువ.

మొదటి కేసు 1937 మార్చి నాటిది. పూరీ స్టేషనున రైలుపెట్టెలో విడిచిన ఇనుప ట్రంకులో ఏడు ముక్కలుగా కోసిన శవము కనబడినది. చనిపోయినవాడు పిఠాపురము మనిషి. బరంపురమున కాపురమున్న ముద్దాయి, ఆ మనిషి తన యింటికి వచ్చి రాత్రి పరుండి మరునాటి సాయంకాలము రైలెక్కెనని పోలీసులతో చెప్పినాడట. ఇది ఒప్పుకోలా? 1939లో ప్రీవీ కౌన్సిలున లార్డ్ ఆట్కిన్ కాదని చెప్పెను. నేరమును సూటిగనైనను, నేరమునకు అంగములైన విషయములను దాదాపు సమస్తముగనైనను అంగీకరించినదే ఒప్పుకోలు. అనుమానము గొలుపు ఒక్క విషయమును, ఎంత బలమైనదైనను, ఒప్పుకొనుట అట్టిది కాదు. పోలీసులకు చెప్పిన ఆ మాట సాక్ష్యమున చేరనే కూడదని కూడ తేల్చిరి. అయినను అప్పీలు కొట్టివేసిరి. మిగిలిన సాక్ష్యము చాలినది.

కోటయ్య కేసు మద్రాసు హైకోర్టు నుండి పోయినది, 1946లో తీర్పు. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టము 25వ సెక్షను శాసించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున అది 23వ సెక్షను. దీనికొక మినహాయింపు కలదు: ముద్దాయి మాటవలన ఏదేని వస్తువు బయటపడినచో, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లును. ఎంత మేరకు? కత్తి దాచిన చోటు చూపెదనన్నంతవరకు చెల్లును. దానితోనే పొడిచితిననుట చెల్లదు. ఒక్క వాక్యమును నడుమకు కోసి, సగము ఉంచి సగము పారవేయుట! ఏ పత్రికా సంపాదకుడును ఇంత నిష్ఠగా కత్తెర పట్టి యుండడు.

మరి ఒప్పుకోలు ఒక్కటే శిక్షకు చాలునా? మేజిస్ట్రేటు ముందు, చెప్పి తీరవలెనను నిర్బంధము లేదని హెచ్చరిక విన్న పిదప, స్వేచ్ఛగా చేసినదై, సత్యమైనదైనచో చాలునని చట్టము. ముద్దాయి తరువాత కాదన్నచో, దానిపై శిక్ష వేయవచ్చును గాని బలపఱచు సాక్ష్యము లేక వేయుట వివేకము కాదని 1962లో ప్యారేలాల్ భార్గవ కేసున సుప్రీంకోర్టు చెప్పెను. చిక్కంతయు 'సత్యమైనచో' అను ఒక్క మాటలోనున్నది. సత్యమని ఎట్లు తెలియును? ఆ మాటనే మరల మరల చదివిన తెలియదు. వెలుపలికి పోయి చూడవలెను. ఇంగ్లండున క్యాంప్‌డెను గ్రామమున జాన్ పెర్రీ అనువాడు తన తల్లి, అన్నదమ్ముడు కలిసి యజమానిని చంపిరని చెప్పెను. 1661లో ముగ్గురిని ఉరితీసిరి. 1662లో ఆ యజమాని సజీవుడై తిరిగి వచ్చెను.

దస్తయేవ్‌స్కీ ఈ మర్మ మెరిగినవాడు. 1866 నాటి 'నేరము-శిక్ష'లో రంగులు వేయు నికొలాయి చేయని హత్యను నెత్తిన వేసికొనును. పొర్ఫీరీ నమ్మడు, వానిది బాధ ననుభవింపవలెనను మతావేశమని గ్రహించును. కథానాయకుని నిజమైన ఒప్పుకోలునైనను నవల ఊరక విడువదు. రాయిక్రింద దాచిన సంచి తీయించి, అందు 317 రూబుళ్లు, మూడు ఇరువది కోపెక్కుల నాణెములు ఉన్నవని లెక్కించును. సంచి విప్పియే చూడలేదన్న అతని మాట అధికారులకు నమ్మశక్యము కాలేదు. అచ్చట రూబుళ్లు, ఇచ్చట మొహరులు.

తెలుగు నాటకములలోను, నవలలలోను, వెండితెరమీదను కడపటి రంగమున దుర్మార్గుడు తానై సర్వము ఏకరువు పెట్టుట, చాటున పొంచియున్న పోలీసులు వచ్చి పట్టుకొనుట పరిపాటి. రచయితకు శ్రమ తప్పినది. పాఠకుడు అంతవరకు చూచినదానితో ఆ మాటను సరిచూచుకొను అవకాశము కూడ తప్పినది. వకీలు వృత్తి చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ దారి త్రొక్కలేదు. 'ఆరు సారా కథల'లోని 'మాయ'లో ముత్యాలమ్మ వకీలుతో చెప్పుకొన్న మాటలు ఏ రికార్డుకును ఎక్కనివి. కోర్టు కాగితమున నిలుచు మాటకును, మనిషి నోట వచ్చు మాటకును నడుమనున్న ఎడమే ఆ కథకు వస్తువు.

తన్వీర్ నాటకము చివర ఈ ఎడమునే మరొక వైపునుండి చూపును. రాణి చరణదాసును పెండ్లాడ గోరును. అతడు ప్రతిన చెప్పి నిరాకరించును. పోనీ, ఈ సంగతి ఎవరికిని చెప్పకుమని ఆమె వేడును. అడిగినవారికి అసత్యము చెప్పజాలనని అతడనును. దొంగ మాటకు రాణి ఏల భయపడవలెను? తన తప్పును తానే సరిగా లెక్కించి చెప్పినవాడని సభయెల్ల ఎరుగును గనుక. తనకు ప్రతికూలముగా పలికి నిలిచిన నోరు ఇతరులను గూర్చి పలికినను జనులు నమ్ముదురు. ఈసారి పెట్టె తెరచి చూచుట లేదు, లెక్క లేదు, సభయు లేదు. రాణి ఆజ్ఞ యైనది. భటులు అతనిని చంపిరి.