కొత్త రచయితకు ఇచ్చే వ్యాఖ్య: ఒక పరిశీలన

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్దవచ్చు అన్నది దాని పద్ధతి. కొత్తగా రాసే విద్యార్థికి తొలి పాఠం చెప్పేది చాలాసార్లు వ్యాసపు చర్చ పేజీలో వచ్చే రెండు మూడు వాక్యాల వ్యాఖ్యే. విమర్శ అంటే గ్రంథ సమీక్ష ఒక్కటే కాదు. ఆ చిన్న వ్యాఖ్య కూడా విమర్శే. దాన్నీ విమర్శించి చూడవచ్చు.

ఒక డిగ్రీ విద్యార్థిని కొండపల్లి బొమ్మల మీద వ్యాసం రాసిందనుకుందాం. అందులో ఈ మూడు వాక్యాలు గమనించండి.

“కొండపల్లి బొమ్మలు ప్రపంచంలోనే అత్యంత అందమైనవి. వీటిని తెల్లపొణికి కర్రతో చేస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మల భాగాలను అతికిస్తారు, వానాకాలంలో ఆ మక్కు త్వరగా ఆరదు అని మా వీధిలోని బొమ్మల తాత చెప్పాడు.”

దీనికి తరచుగా వచ్చే వ్యాఖ్య ఇలా ఉంటుంది: “మూలాలు లేవు. తటస్థంగా లేదు. సరిచేయండి.” ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాని ఏ వాక్యానికి మూలం లేదో, ఏది తటస్థంగా లేదో తెలియదు. మొదటి వాక్యం పొగడ్త, తీసివేయాల్సిందే. రెండోది మూలం చూపితే నిలబడుతుంది. మూడింటిలో మంచి వాక్యం మూడోది. చిక్కు కూడా అక్కడే ఉంది.

తాత మాట తప్పని ఎవరూ అనడం లేదు. చదివేవారు దాన్ని సరిచూసుకునే వీలు లేదు, అంతే. ప్రచురితమైన మూలాలే ఆధారంగా ఉండాలనే నియమం అందుకే పెట్టారు. నియమం సరైనదేనని నా అభిప్రాయం. అయితే మన చేతివృత్తుల జ్ఞానంలో ఎక్కువ భాగం అచ్చుకెక్కలేదు. పనివారి చేతుల్లో, నోళ్ళలో ఉంది. ఆ నష్టాన్ని ఒప్పుకోకుండా నియమం పేరు మాత్రమే చెప్పే వ్యాఖ్యాత సగమే చెప్పినట్లు.

ఈ రెండో వ్యాఖ్యను చూడండి: “తెల్లపొణికి వాక్యం ఉంచండి, జీఐ నమోదు పత్రాలలో ఆధారం వెతకండి. మక్కు తయారీకి చేతివృత్తుల పుస్తకాలు చూడండి. వానాకాలం సంగతి నాకు కొత్త; అచ్చులో దొరికేదాకా చర్చ పేజీలో ఉంచుదాం. తాతగారు ఒప్పుకుంటే, మక్కు పెడుతుండగా ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించండి. మొదటి వాక్యం నేను తీసేశాను.”

స్వయంగా తీసిన ఫొటోను వికీపీడియా అంగీకరిస్తుంది. మాటగా చేరలేనిది కొంతవరకు బొమ్మగా చేరుతుంది. ఇక్కడ వ్యాఖ్యాత ఒక సంగతి మరిచిపోయాడు. కామన్స్‌లో పెట్టిన ఫొటోను ఎవరైనా, వ్యాపారానికి సైతం, వాడుకోవచ్చు. తాతగారి అనుమతి అడిగేటప్పుడు విద్యార్థిని ఈ మాట కూడా ఆయనకు చెప్పాలి. వ్యాఖ్య పొడవు మరో లోపం; రోజుకు పది కొత్త వ్యాసాలు చూసే స్వచ్ఛంద సంపాదకుడు ప్రతిసారీ ఇంత రాయలేడు. అలాంటప్పుడు, ఒక్క వాక్యం గురించే చెప్పగలిగితే మూడోదాని గురించి చెప్పాలి. పొగడ్తను ఎవరైనా తీసేస్తారు.

అభ్యాసం: ఒక విద్యార్థి తన ఊరి జాతర గురించి, అమ్మమ్మ చెప్పిన కథను మాత్రమే ఆధారంగా చేసుకొని వ్యాసం రాశాడు. అతనికి నాలుగు వాక్యాలు మించకుండా వ్యాఖ్య రాయండి.