జీవాత్మకు నెల తప్పుతుందా?

మొవ్వ క్షేత్రయ్య పదాల మీద మాట్లాడేటప్పుడు మన విమర్శకులకు ఒక అలవాటుంది. నాయిక జీవాత్మ, మువ్వగోపాలుడు పరమాత్మ, శృంగారమంతా భక్తే అనేసి ముందుకు సాగిపోతారు.

ఆ వ్యాఖ్యకు లొంగని పదం ఒకటుంది. ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1994లో తెచ్చిన ఇంగ్లీషు అనువాద సంపుటిలో అది చేరింది. అందులో పెళ్లయిన స్త్రీ ప్రియుడిని నిలదీస్తుంది. అతను ఆమె తిట్లను కూడా లెక్కచెయ్యకుండా బలవంతం చేశాడు. నెల తప్పింది. మొగుడు ఊళ్లో లేడు. నలుగురి నోళ్లలో పడకముందే మంత్రసానుల దగ్గర మందేదైనా సంపాదించమంటుంది.

నేనడిగేది ఒకటే. జీవాత్మకు నెల తప్పుతుందా? గర్భం మాట వచ్చేసరికి ప్రతీక పనిచెయ్యదు. మిగిలేది ఆమె శరీరం, ఆమె భయం.

అలాగని దీన్ని స్వేచ్ఛాగీతంగా చదివి మురిసిపోవడానికీ లేదు. చివర్లో భర్త హఠాత్తుగా ఊడిపడతాడు. ఒక్క రాత్రితో అపవాదు భయం తీరిపోతుంది. ప్రియుడి పోలికతోనే కొడుకును కంటానంటుంది. కడుపులో బిడ్డ మారలేదు, జరిగిన బలవంతం జరగకుండా పోలేదు. మారిందల్లా బిడ్డకు ఒక తండ్రి పేరు దొరకడమే. వివాహం దేనికి రక్షణో ఇంత సూటిగా చెప్పిన పదం నాకు తెలియదు. కాని ఆమె మొదట అన్న 'వద్దు'ను ఆ ముగింపు మింగేసింది. పురుషుడి కలం నాకు అక్కడే కనిపిస్తుంది.

క్షేత్రయ్య పదిహేడో శతాబ్దం వాడు. అదే శతాబ్దంలో ఇంగ్లండులో ఈ అపవాదు భయాన్ని చట్టమే పెంచి పోషించింది. 1624 చట్టం ప్రకారం 'అక్రమ' సంతానాన్ని కన్న స్త్రీ ఆ పసిబిడ్డ మరణాన్ని దాచిపెడితే అది హత్యే. బిడ్డ చనిపోయే పుట్టిందని సాక్ష్యం తెచ్చుకునే భారం ఆమెదే. బిడ్డ సక్రమమా కాదా అన్నదాన్ని తేల్చేది మాత్రం పెళ్లి.

మన 1971 గర్భస్రావ చట్టం కూడా గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న వెసులుబాటును వివాహితకే ఇచ్చింది. 2021 సవరణతో 'భర్త' పోయి 'భాగస్వామి' వచ్చాడు. ఈ చట్టం వరకు భర్త చేసిన బలవంతం కూడా అత్యాచారమేనని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ పదంలోని స్త్రీ చెప్పిందీ బలవంతం గురించే. ఇన్నాళ్లూ మనం దానికి భక్తి అని పేరు పెట్టాం. ఇకనైనా క్లాసురూముల్లో ఆ పదాన్ని ఆమె ఫిర్యాదుగా చదువుదాం. మువ్వగోపాలుడి జవాబు పదంలో ఎక్కడా లేదని కూడా పిల్లలకు చూపిద్దాం.