జార్జి నకాషిమా: గోల్కొండ మొదలు న్యూ హోప్ వరకు

అనేక సంస్కృతులలో మెలగిన కళాకారుని గురించి వ్రాసేటప్పుడు విమర్శకులు సాధారణంగా 'సంగమం', 'సమన్వయం' అనే మాటలతో సరిపెట్టుకుంటారు. నదులు కలిసినట్లు సంస్కృతులు వాటంతట అవే కలిసిపోతాయన్న భావం ఆ మాటలలో ఇమిడి ఉన్నది. వాస్తుశిల్పిగా ప్రారంభించి కొయ్యపనిలో స్థిరపడిన జార్జి నకాషిమా (1905–1990) జీవితాన్ని పరిశీలిస్తే ఆ భావం ఎంత చాలనిదో తెలుస్తుంది. ఆయనకు ఒక్కొక్క సంస్కృతి ఒక్కొక్క గురువు ద్వారా, ఒక్కొక్క పనిగా సంక్రమించింది. అందులో ఒకటి ముళ్లకంచె వెనుక సంక్రమించినది.

జపాను నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో జన్మించిన నకాషిమా మొదట అటవీశాస్త్రమూ, పిమ్మట వాస్తువిద్యా అభ్యసించాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టం పొంది, పారిస్‌లో కొంతకాలం గడిపి, 1934లో టోక్యో చేరి ఆంటొనిన్ రేమండ్ కార్యాలయంలో ప్రవేశించాడు. రేమండ్ బొహీమియాలో పుట్టి, అమెరికా పౌరుడై, జపానులో కట్టడాలు కడుతున్న వ్యక్తి. తన పూర్వుల దేశపు వాస్తుసంప్రదాయాన్ని నకాషిమా దగ్గరగా చూడగలిగింది ఈ విదేశీయుని కొలువులో ఉన్న రోజులలోనే. వారసత్వం రక్తంలో ప్రవహిస్తుందనే వాదానికి ఇది తగిన సమాధానం.

తెలుగువారికి ప్రత్యేకించి ఆసక్తి కలిగించే ఘట్టం దీని తరువాతిది. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమ సాధకులకై రేమండ్ రూపకల్పన చేసిన వసతిగృహానికి హైదరాబాదు సంస్థానంలో ఉన్నతాధికారి అయిన సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం విరాళం అందింది. అందుచేతనే దానికి 'గోల్కొండ' అన్న పేరు కలిగింది. 1937 నుంచి 1939 వరకు ఆ నిర్మాణాన్ని దగ్గరుండి నడిపినవాడు నకాషిమా. పేరులో తప్ప కట్టడంలో కోట ఛాయ ఎక్కడా లేదు. గుమ్మటం లేదు, కమాను లేదు, తామరపూవు లేదు. భారతీయతకు చిహ్నాలు తెచ్చి అతికించే యత్నమే అందులో కనిపించదు. కాంక్రీటు కట్టడమైన ఆ భవనానికి ఉత్తర దక్షిణ ముఖాలలో అద్దాల కిటికీలకు మారు తెరచి మూయదగిన అడ్డపలకలు అమర్చారు. గదులకు సందులు విడిచిన టేకు తలుపులు, పక్కకు జరిపేవి, పెట్టారు. గాలి ఆగకూడదు, ఎండ పడకూడదు, మరుగు చెడకూడదు. ఈ మూడూ ఏకకాలంలో సాధించటమే అక్కడి సమస్య. ఆశ్రమవాసులు ఇచ్చిన ఇత్తడి పాత్రలను కరగించి తలుపుల బిగింపులు పోతపోశారు. పనిచేసినవారిలో పలువురు అటువంటి పని అంతకుముందు ఎరుగని సాధకులు. భారతదేశంలో ఆధునిక వాస్తువుకు తొలి నిదర్శనాలలో ఒకటిగా నేడు దానిని పరిగణిస్తున్నారు. నకాషిమా అక్కడ ఉద్యోగిగా ప్రవేశించి సాధకుడైనాడు. శ్రీ అరవిందులు ఆయనకు 'సుందరానంద' అని నామకరణం చేశారు.

ఈ శాంతి ఎంతోకాలం నిలువలేదు. 1940లో ఆయన అమెరికా తిరిగి వచ్చాడు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగింది. మరుసటి సంవత్సరం జపాను సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించింది. వారిలో అధికసంఖ్యాకులు అమెరికా పౌరులే. నకాషిమా కూడ భార్యతో, పసికందుతో ఐడాహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి పోవలసి వచ్చింది. జపాను పద్ధతిలో శిక్షణ పొందిన గెంటారో హికోగావా అనే వడ్రంగి అక్కడ ఆయనకు సహనిర్బంధితుడు. ఉలి, రంపం, అతుకు అనే మూడింటి మర్మం నకాషిమా ఆయన వద్ద నేర్చుకున్నది మిగులు చెక్కలతో, ఎడారి పొదల కొయ్యతో. 1943లో రేమండ్ పూనికతో విడుదల లభించగా, పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడి, క్రమంగా తన సొంత పనిశాల నెలకొల్పాడు.

న్యూ హోప్ బల్లలలో రెండు లక్షణాలు ప్రసిద్ధమైనవి. పలక అంచును చెట్టు పెరిగిన వంపులోనే విడిచిపెట్టటం ఒకటి. పగులు మరింత విచ్చకుండ సీతాకోకచిలుక ఆకారపు బిళ్లలను దానికి అడ్డంగా పొదగటం రెండవది. ఈ అతుకు ఆయన కనిపెట్టినది కాదు, పూర్వులది. దానిని దాచక పైకి కనిపించనివ్వటమే ఆయన చేసినది. ఆ పగుళ్లలో శిబిరపు గాయాన్ని చదువుకోవటం సులభమే గాని, అది కొయ్యపై విమర్శకుడు చేసే ఆరోపణ. దొరికిన చెక్కను దాని లోపంతో స్వీకరించి, ఆ లోపానికి తగిన రూపం వెదకటం లేమిలో అలవడిన పనితనం అనటం మాత్రం సమంజసం.

నకాషిమాను గురించి ఆక్షేపణ లేకపోలేదు. 1981లో వెలువడిన 'ది సోల్ ఆఫ్ ఎ ట్రీ' గ్రంథంలో ఆయన వృక్షాత్మను గురించి మాట్లాడాడు. అభిమానులు ఆ మార్మికతనే పట్టుకొని శిబిరాన్నీ, హికోగావానూ ఒక్క వాక్యంలో దాటిపోతూ వచ్చారు. జీతం విడిచిన సుందరానందుడే 1973లో రాక్‌ఫెల్లర్ గృహానికి 200కు పైగా వస్తువులు చేసి ఇచ్చాడు. వైరాగ్యపు రూపం ధనికుల ఇంటికి అలంకారమైనది. 1986లో న్యూయార్కు సెయింట్ జాన్ ప్రధానాలయంలో నెలకొల్పిన శాంతివేదిక, ఆ క్రమంలోనే 1996లో ఆరోవిల్‌కు చేరిన మరొక వేదిక, ఈ వైరుధ్యానికి ఆయన వెదకిన జవాబులు కావచ్చు. అయినా వైరుధ్యం వైరుధ్యమే. అమెరికా ప్రభుత్వం నిర్బంధానికి క్షమాపణ చెప్పింది 1988లో. అప్పటికి ఆయన వయస్సు 83.

రాష్ట్రం వెలుపల నివసిస్తూ రెండు మూడు భాషల నడుమ వ్రాసే తెలుగు రచయితలకు, అనువాదకులకు ఈ జీవితం వల్ల తెలియవలసినది స్పష్టం. పరభాషా పదాలను, దేశవాళీ చిహ్నాలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన రచన బహుసంస్కృతుల రచన కాదు. గోల్కొండ భవనం వలె అది నిలిచిన చోటి ఎండను, గాలిని ఎరిగి ఉండాలి. అతుకు పడిన చోట అతుకు కనిపించినా దోషం లేదు. అది ఊడకుండ ఉండటం ముఖ్యం. ఎవరివద్ద నేర్చుకున్నారో ఆ హికోగావాల పేరు చెప్పటం అంతకంటె ముఖ్యం.