బంతి పోయిన తర్వాత

ఐస్ హాకీ నుంచి పుట్టిన బాల్ హాకీలో మంచూ ఉండదు, స్కేట్లూ ఉండవు. వేసవిలో మంచు తీసేసిన రింకుల్లోనూ, బడి వ్యాయామశాలల్లోనూ, ఇళ్ల ముందరి వీధుల్లోనూ మామూలు బూట్లతో, నారింజ రంగు ప్లాస్టిక్ బంతితో, జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోలీ చొప్పున దీన్ని ఆడతారు. పురుషుల ప్రపంచ పోటీలు 1996లో బ్రాటిస్లావాలో మొదలయ్యాయి గానీ, కెనడా పిల్లలకు ఈ ఆట చాలామటుకు వీధిలోనే పరిచయమవుతుంది: ఎవరో ‘కారు!’ అని అరవగానే గోలు చట్రాన్ని పక్కకు లాగి, కారు దాటిపోయాక మళ్లీ నడివీధికి తెచ్చి నిలబెడతారు. మంచు మీద ఆటగాడు నాలుగు అడుగులు బలంగా తోసి ఆ ఊపుతో కొంతదూరం జారుతూ పోగలడు. కాంక్రీటు మీద కాలు ఆగితే మనిషీ ఆగిపోతాడు. అందుకే ఈ ఆటలో ఎవరు శ్రమిస్తున్నారో ఎవరు శ్రమించడం లేదో గ్యాలరీలో కూర్చున్నవారికి సైతం తెలిసిపోతుందని అందరూ అనుకుంటారు. పిల్లల జట్లకు శిక్షణ ఇచ్చేవారు చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

‘గట్టిగా ఆడండి’ అని కోచ్ అరిచినప్పుడు పదేళ్ల పిల్లవాడికి ఆ మాటలో ఒకే అర్థం వినిపిస్తుంది: బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తాలి. వాడు మనస్ఫూర్తిగా పరుగెత్తుతాడు, మిగిలిన నలుగురూ అంతే మనస్ఫూర్తిగా వాడి వెంట పడతారు, ఐదుగురూ రింకు మూలలో ఒకే బంతి మీద గుమిగూడతారు. అంతలో ఆ గుంపు కాళ్ల సందుల్లోంచి బంతి జారి స్లాట్‌లోకి, అంటే గోలు ఎదురుగా షాట్‌కు అన్నిటికన్నా అనువైన జాగాలోకి వచ్చిపడితే, అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్న ప్రత్యర్థి తాపీగా గోలు కొడతాడు. ఆ గోలుకు కారణం బద్ధకం కాదు. శ్రమలో లోటేమీ లేదు, అది పడవలసిన చోట పడలేదు. ఆ పిల్లలనే మళ్లీ ‘మీరు కష్టపడడం లేదు’ అని తిట్టడం అన్యాయం, పైగా నిష్ప్రయోజనం, ఎందుకంటే తర్వాతిసారి వాళ్లు ఇంకా వేగంగా అదే మూలకు పరుగెత్తుతారు.

టొరంటో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, స్కేటింగ్ రాకపోయినా ఆడగల ఈ హాకీ సహజంగానే దగ్గరి దారి. వాళ్ల తల్లిదండ్రులకు ఇందులోని రక్షణ సూత్రం అర్థం కావాలంటే కబడ్డీని గుర్తుచేసుకుంటే చాలు. కూతకు వచ్చినవాడి మీదికి ఆత్రంగా ముందు దూకినవాడు పాయింటు చేజేతులా ఇచ్చేస్తాడు, మూలలో కాచుకుని, వాడు వెనుదిరిగే దారి మూసినవాడు పట్టేస్తాడు. బాల్ హాకీలోనూ రక్షణ అంటే ముందుగా దారి మూయడమే, బంతి లాక్కోవడం ఆ తర్వాతి సంగతి.

కాబట్టి శ్రమను సుగుణంగా బోధించడం మాని, ఒక పనిగా నేర్పాలి. ఆ పనికి మొదలు బంతి చేజారిన క్షణం. ఆ క్షణంలో పిల్లవాడు సహజంగా చేసేది తల వాల్చడమో, రిఫరీ వైపు చూడడమో. వాడు నేర్చుకోవలసింది వెంటనే తిరిగి సొంత గోలు వైపు మొదటి మూడు అడుగులు పూర్తి వేగంతో వేయడం. ఇలా వెనక్కి పరుగెత్తి దాడిని అడ్డుకోవడాన్నే బ్యాక్‌చెక్ అంటారు. పరుగెత్తేటప్పుడు చూపు బంతి మీద కాకుండా, ఇంకా ఎవరూ కాచుకోని ప్రత్యర్థి మీద ఉండాలి. వాడిని చేరుకున్నాక వాడికీ గోలుకూ మధ్యన నిలబడాలి. ఇంత స్పష్టంగా చెప్పిన పనిని పిల్లలు ఇష్టంగా చేస్తారు, చేశారా లేదా అన్నది కోచ్ తప్పకుండా చూడగలడు, బెంచీకి తిరిగి వచ్చిన పిల్లవాడికి ‘ఆ మూడు అడుగులు బాగా వేశావు’ అని పేరుపెట్టి చెప్పగలడు.

రెండో పాఠం దూరం. బంతితో ఎదురొచ్చేవాడికీ రక్షకుడికీ మధ్య ఉండే ఎడాన్ని గ్యాప్ అంటారు. అది ఇంచుమించు ఒక స్టిక్ పొడవుండాలి, ఎక్కువైతే షాట్‌కు తావిస్తుంది, తక్కువైతే వాడు ఒక్క మలుపుతో దాటిపోతాడు. ఒంటితో ఢీకొట్టడం ఈ ఆటలో నిషిద్ధం కనుక రక్షకుడికి మిగిలేవి కాళ్లు, నేలకు ఆనించిన స్టిక్ మాత్రమే. దీన్ని నేర్పడానికి రక్షకుల చేతుల్లోని స్టిక్‌లను తలకిందులుగా పట్టించి ఒకరికొకరు ఎదురుగా ఆడించడం చాలా మంచి అభ్యాసం. బంతిని కొట్టే వీలు లేకపోయేసరికి, ఇన్నాళ్లూ స్టిక్‌ను చాచి బంతికోసం పొడిచిన పిల్లవాడు, మోకాళ్లు వంచి, అడ్డంగా అడుగులు వేస్తూ, ఎదుటివాడి ఛాతీ వైపు చూస్తూ వాడిని మెల్లగా గోడవైపు నెట్టుకుపోవడం మొదలుపెడతాడు. స్టిక్‌ను మళ్లీ సరిగా పట్టించినప్పుడు ఆ కాళ్ల అలవాటు అంతా కాకపోయినా కొంతైనా నిలుస్తుంది.

అలసట సంగతిని కూడా ఇక్కడే చూడాలి. బాల్ హాకీలో దాడిచేసేవారు బంతితో తమ దాడి ప్రాంతానికి హద్దయిన నీలిగీత దాటగానే ఆ ప్రాంతం మధ్యగీత దాకా విస్తరిస్తుంది; అంటే రక్షించేవారు బంతిని మధ్యగీత దాటిస్తే తప్ప ఊపిరి తీసుకోలేరు. జారే వీలులేని నేలమీద సగం రింకును కాచేవాడికి నిమిషం గడిచేసరికే కాళ్లు బరువెక్కుతాయి. అందువల్ల షిఫ్టులు, అంటే బెంచీకి తిరిగొచ్చేలోపు ఆడే వంతులు, చిన్నవిగా ఉండాలి. రెండు నిమిషాలు మైదానంలో వదిలేసిన పిల్లవాడు వెనక్కి నడిచి వస్తే, ఆ నడకకు జవాబు చెప్పవలసింది వాడు కాదు, బెంచీ నడుపుతున్న పెద్దవాడు.

ఐస్ హాకీ లీగ్ ఎన్హెచ్ఎల్‌లో రక్షణలో మేటి అయిన ఫార్వర్డ్‌కు 1978 నుంచి సెల్కీ ట్రోఫీ ఇస్తున్నారు. మాంట్రియల్ ఆటగాడు బాబ్ గేనీ మొదటి నాలుగేళ్లూ వరుసగా దాన్ని గెలుచుకున్నాడు, బోస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జరాన్ ఆరుసార్లు అందుకున్నాడు. పిల్లల జట్టుకు ట్రోఫీ అక్కర్లేదు గానీ, రక్షణకు విలువ ఉందన్న రుజువు మాత్రం అవసరం, ఆ రుజువు ఆట చివరి రెండు నిమిషాల్లో ఒక్క గోలు ఆధిక్యం ఉన్నప్పుడు దొరుకుతుంది. సీజనంతా బ్యాక్‌చెక్ గురించి మాట్లాడిన కోచ్ ఆ వేళ గోలు కొట్టేవాళ్లనే పంపితే పిల్లలందరూ గమనిస్తారు. ఒక్క గోలూ కొట్టకపోయినా ప్రతిసారీ వెనక్కి పరుగెత్తిన అమ్మాయి పేరు పిలిస్తే, అదీ గమనిస్తారు.