పాటల మధ్య మాట: పాతబస్తీ సంగీతం, రేడియో ప్రయోక్త బాధ్యత

రేడియో నాటిక, ప్రసంగం, లలితగీతం తెలుగు సాహిత్యచరిత్రలో చోటు సంపాదించుకున్నాయి. రెండు పాటల మధ్య ప్రయోక్త పలికే మాట మాత్రం విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. ఏ పాట పక్కన ఏ పాటను నిలపాలి, ఏ మాటతో కలపాలి అన్న నిర్ణయం విమర్శనాత్మకమైనదే. సినిమాపాటకు వెలుపలి భిన్న సంప్రదాయాలను ఒకే కార్యక్రమంలో కూర్చే ప్రయోక్తకు ఆ బాధ్యత మరీ ఎక్కువ. హైదరాబాదు పాతబస్తీ సంగీతం ఆధారంగా దానిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

హైదరాబాదు రాజ్యంలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు ప్రారంభించింది. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలకూ అందులో చోటుండేది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం భారత ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. బహుభాషా రాజ్యానికి బహుభాషా ప్రసారం సహజమే. అయితే కాలాన్ని భాషలవారీగా పంచినప్పుడు సంగీతమూ అలాగే చీలిపోతుంది. గజల్ ఉర్దూ వేళకు, జానపదం తెలుగు వేళకు చెందుతాయి. శాస్త్రీయ, లలిత, జానపద, భక్తి అనే ఆకాశవాణి వర్గీకరణ దీనికి తోడైంది. ఇవి పరిపాలనకు అనువైన గదులే గాని, శ్రోత చెవికి అలాంటి గోడలు లేవు.

ఈ గదుల్లో ఇమడనిది మర్ఫా. సైనికుల బారక్సుల వల్ల పేరొందిన బార్కస్ ప్రాంతంలో హద్రమౌత్ అరబ్బుల సంతతి నేటికీ ఉంది. ఆ అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం కొలువులో చేరినప్పుడు వారితోపాటు నగరానికి వచ్చిన వాద్యసంప్రదాయమిది. ఇందులో లయదే పెత్తనం, సాహిత్యానిది స్వల్పపాత్ర. మాట లేని సంగీతాన్ని ఏ భాషావిభాగం తనదనుకుంటుంది? పెళ్లి ఊరేగింపులో దానికి మతభేదం లేదు. లాల్ దర్వాజా బోనాల్లో డప్పు దరువు విన్నవారికి మర్ఫా పరాయిగా తోచదు. ప్రయోక్త ఈ రెంటినీ వెంటవెంటనే వినిపించవచ్చు. ఆ వెంటనే ‘గంగా-జమునా సంస్కృతి’ అన్న అరిగిన మాటతో ముగిస్తే శ్రోతకు వినే పని మిగలదు. దెబ్బల విరుపు ఎక్కడ కలుస్తోందో, ఎక్కడ వేరవుతోందో చూపడమే ఇక్కడ అవసరమైన వ్యాఖ్యానం.

స్త్రీలు పెళ్లిళ్లలో పాడే ‘ఢోలక్ కే గీత్’ మరో ఉదాహరణ. వీటిలో సమ్‌ధన్‌ను ఎగతాళి చేస్తారు. సమ్‌ధన్ అంటే వియ్యపురాలే. తెలుగు పెళ్లిళ్లలోని వియ్యాలవారి పాటల పక్కన వీటిని నిలిపితే రెండు భాషల స్త్రీల హాస్యం ఒకే బంధుత్వపు ఒత్తిడి నుంచి పుట్టిందని తెలుస్తుంది. వీటిని పరిచయం చేసే భాష ఏది? గ్రాంథిక ఉర్దూ ఆ ఎగతాళిని చల్లార్చివేస్తుంది. సినిమాలు దక్కనీని ఎక్కువగా నవ్వించే పాత్రలకే అప్పగించాయి. ‘నక్కో’ అనే మరాఠీ మూలపు మాటను కూడా హాస్యపు సరుకుగా గాక మామూలు సంభాషణగా పలకగల ప్రయోక్త అవసరం.

బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ 1967 నుంచి 2004లో మరణించేదాకా పంక్, రెగె, ఆఫ్రికా సంగీతాలను ఒకే కార్యక్రమంలో వినిపించాడు. ఆయన పరిచయాల్లో ఆడంబరం తక్కువ. అయితే ఆయనకు ప్రధాన ఆధారం విడుదలైన రికార్డులు. పాతబస్తీ సంగీతంలో చాలాభాగం ఇళ్లలో, వీధుల్లో ఉంటుంది. దానిని ముందు రికార్డు చేయాలి, అంతకుముందు అనుమతి అడగాలి. పెళ్లింట స్త్రీలు తమలో తాము పాడుకున్న పాట ప్రసారమైతే శ్రోతలు మారిపోతారు, ఎగతాళికి గురైన వియ్యపురాలూ వినవచ్చు. జహీరాబాదు సమీపంలోని మాచనూరులో 2008 నుంచి దళిత స్త్రీలు సంఘం రేడియో నడుపుతున్నారు. అక్కడ పాడేవారూ ప్రసారం చేసేవారూ ఒకే సమూహం కావడం వల్ల ఈ చిక్కు చాలావరకు సడలింది. బయటినుంచి వచ్చే ప్రయోక్తకు ఆ వెసులుబాటు లేదు.

మొహర్రంలో వినిపించే నౌహా విషయం ఇంకా సున్నితమైనది. నౌహాను ‘చదువుతారు’ అంటారే గాని ‘పాడతారు’ అనరు. దానిని సంగీతంగా లెక్కించడానికే ఆ సంప్రదాయం అంగీకరించదు. ఎంత చక్కని రాగచ్ఛాయ వినిపించినా, మర్ఫాకూ ఖవ్వాలీకీ నడుమ దానిని కూర్చడం వైవిధ్యప్రియత్వం పేరిట జరిగే తప్పుపఠనం. దబీర్‌పురా బీబీ కా అలావా నుంచి అలం బయలుదేరే రోజున నౌహా వినిపించదలిస్తే దానికి వేరే సమయం కేటాయించి, చదివినవారి పేరు మాత్రం చెప్పడం ఉచితం.