110వ వీథి కావల

దొంగపై జాలి పుట్టించు కావ్యము లోకమును చెఱచునని వాదించువారు ముందుగా మృచ్ఛకటికమును పాఠ్యగ్రంథములనుండి తొలగింపవలసియుండును. శర్విలకుడు బ్రాహ్మణుడయ్యు యజ్ఞోపవీతముతో కన్నమును కొలిచి, చారుదత్తుని యింట నగలు దొంగిలించెను. అదియు తాను వలచిన దాసిని విడిపించుటకై. అందులకు శూద్రకుని చౌర్యబోధకుడని నిందించిన పండితుని మేమెఱుగము. ఈపాటి యౌదార్యమును విమర్శకులు 1972లో అమెరికాలో వెలువడిన ‘అక్రాస్ 110త్ స్ట్రీట్’ అను చలనచిత్రమునెడ చూపరైరి.

న్యూయార్కులో సెంట్రల్ పార్కు ఉత్తరపుటంచున 110వ వీథి యున్నది. దానికావల హార్లెము, నల్లజాతివారి పేట. ముగ్గురు నల్లవారు పోలీసువేషముల మాటున నచటి జూదపు లెక్కలగదినుండి 3,00,000 డాలర్లు దోచుకొందురు. తుపాకులు పేలి యేడుగురు చత్తురు. అందిద్దరు నిజమైన పోలీసులు. పిదప దొంగలను పోలీసులొకవంక, ధనస్వాములైన ఇటాలియను ముఠావారొకవంక తఱుముదురు. కథ యింతియే. కాని యా ధనమెవ్వరిది? నిరుపేదలు దినదినము సంఖ్యలపై నొడ్డిన చిల్లరనాణెముల రాశి యది. హార్లెములో పుట్టి, వీథి దాటి, మరల రానిది. ఈ ప్రశ్న మనసున నుంచుకొని చూడనివారికి ఇందు రక్తము తప్ప మఱేమియు కనబడదు.

రక్తపాతము మితిమీరినదనుట నిజమే. ముఠాపక్షపు డి సాల్వియో చేయు చిత్రహింసలలో సగము కత్తిరించినను కథకు లోటు రాదు. నల్లవారిని దొంగలుగనే చూపుచున్నారని వారి నాయకులే ఆనాడీ కోవ చిత్రములను ఖండించిరి. ఆ యాక్షేపణ బరువైనదే. ఈ చిత్రమున కది యంటదని మా యభిప్రాయము. యాఫెట్ కాటో ధరించిన లెఫ్టినెంటు పోప్ నల్లవాడు, చదువుకొన్నవాడు, చట్టము తప్పనివాడు. లంచము తినువాడు ఆంథొనీ క్విన్ ధరించిన తెల్ల అధికారి మాటెల్లి.

ఇక దొంగలలో పెద్దవాడు జిమ్ హారిస్. పాల్ బెంజమిన్ ఈ పాత్రను నటించెననుటకంటె మోసెననుట యుక్తము. ఒక ఘట్టమున ప్రియురాలు వానిని నిలదీయును. వాడు తన స్థితిని పద్దు చదివినట్లు చెప్పును: చదువు లేదు, చేతిపని లేదు, చెఱసాలనుండి వచ్చినవాడు, మూర్ఛరోగి, అట్టివానికి పని యిచ్చు వాడెవ్వడు? దర్శకుడు బ్యారీ షియర్ ఇచట నేమియు అలంకరింపలేదు. నేరమును పొగడు చిత్రములో నిట్టి పద్దు వినబడదు.

సంగీతము మాట. వాద్యరచన జాజ్ విద్వాంసుడు జె. జె. జాన్సనుది, పాటలు బాబీ వోమాక్‌వి. 1971నాటి ‘షాఫ్ట్’ పాట నాయకునికి బిరుదావళి. ఐజక్ హేస్ దానికి ఆస్కారు బహుమాన మందెను. 1972నాటి ‘సూపర్ ఫ్లై’లో కర్టిస్ మేఫీల్డు పాటలు నాయకుని మందలించును. వోమాక్ పాట ఈ రెండును చేయదు. ఆ పేటనుండి బయటపడినవాడొకడు, ఇంకను అందే మిగిలినవారిని గూర్చి వకీలువలె వాదించును; అయినను వారిని తప్పుచేయలేదనడు. వోమాక్ క్లీవ్‌లాండులో 1944లో, పేదయింట, అయిదుగురన్నదమ్ములలో మూడవవాడుగా పుట్టెను. ఆ గొంతులోని గరుకు శిక్షణవలన వచ్చునది కాదు.

1997లో టరంటీనో ఈ పాటను ‘జాకీ బ్రౌన్’ చిత్రారంభమున వాడుకొనెను. నేడు పలువురు దీనిని ఆ చిత్రపు పాటగనే యెఱుగుదురు. బిడ్డ వృద్ధిలోనికి వచ్చినపిదప తల్లిని మఱచినట్లున్నది! హార్లెము వీథులపై ఆ పాటను వినినవారికే దానిలోని ‘ఆవల’ యెచటనో తెలియును.

శర్విలకుని నగలు వసంతసేనకు చేరినవి, ప్రియురాలు వానికి దక్కినది. జిమ్ హారిస్‌కు శూద్రకుడు లేడు. మేడకప్పుపై తుపాకులకు చిక్కి, చనిపోవుచు ధనపుసంచిని క్రింది యాటస్థలములోని పిల్లలకై విసరివేయును. వెంటనే మఱియొక దిక్కునుండి వచ్చిన గుండు మాటెల్లిని కూల్చును. రోజంతయు నతనితో తగవులాడిన పోప్ వంగి అతని చేయి పట్టుకొనును.