డివైడింగ్ మెస్, తాళం వేసిన గదిలో ఫ్యాను

యూనివర్సిటీ హాస్టల్లో గదికి తాళం పడ్డా ఫ్యాను ఆగదు. పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. పొద్దున క్లాసుకు వెళ్లిన విద్యార్థి సాయంత్రం తిరిగొచ్చేలోగా ఫ్యాను ఎనిమిది గంటలు ఊరికే తిరిగితే 0.6 యూనిట్ ఖర్చు. ఒక్క గదికి అదేమంత లెక్క కాదు. అలాంటి గదులు వంద ఉంటే రోజుకు 60 యూనిట్లు. ఇంట్లోనైతే స్విచ్ ఆపమని ఎవరో ఒకరు కేకేస్తారు. హాస్టల్లో గదికి మీటరూ ఉండదు, కేకేసేవాళ్లూ ఉండరు.

మెస్ సంగతి ఇంకాస్త చిక్కు. తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీ హాస్టళ్లలో చాలాచోట్ల నడిచేది డివైడింగ్ పద్ధతి: నెలకైన మొత్తం ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచుతారు. పళ్లెంలో వదిలేసిన అన్నం ఖరీదు కూడా అలాగే అందరి మీదా పడుతుంది, పారేసినవాడి వాటాకు వచ్చేది పైసల్లోనే. అందుకే పోపు మాడిన పప్పు గురించి మెస్ కమిటీలో గొడవ జరుగుతుంది గానీ, కుళాయి దగ్గర నిండిన ఎంగిలి బకెట్ గురించి జరగదు. ఆ అన్నం వెనక పొలానికి పారిన వేల లీటర్ల నీళ్లున్నాయి. డంపింగ్ యార్డుకు చేరి గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది.

క్యాంటీన్ టీది చిన్న కథే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పుల మీద దేశమంతటా నిషేధం ఉంది. పేపరు కప్పు మిగిలింది, దాని లోపలా పాలిథిన్ పూతే.

ఇదంతా తెలియక జరిగేది కాదు. చదువులో పర్యావరణాన్ని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 1991లోనే. తర్వాత డిగ్రీ విద్యార్థులందరికీ యూజీసీ ఆరు నెలల కోర్సు తయారుచేసింది. చాలామందికి అది పరీక్ష ముందు రాత్రి గైడుతో గట్టెక్కే పేపరు.

అలాగని ఉదాసీనత అనే ఒక్క మాటతో తేల్చేయడమూ సరికాదు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే అడ్డం వెళ్లింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. అక్కడ జేసీబీలు కళ్లెదుటే ఉన్నాయి. ఎంగిలి అన్నాన్నీ కళ్లెదుట పెట్టాలని కొన్ని మెస్‌లలో దాన్ని తూచి, ఆ రోజు ఎన్ని కిలోలో బోర్డు మీద రాస్తున్నారు. గదికో మీటరు పెట్టిన హాస్టల్ మాత్రం అరుదు.